మెత్తని జాకెట్లు

మా ఆయన కుట్టిన ఆటో సీటు మీద కూర్చున్నవాడికి దిగబుద్ధి అయ్యేది కాదు. పాతబస్తీ జహనుమాలో మా షాపు పేరు ఎవరికీ తెలియదు కానీ, "మెత్త సీట్లాయన" అంటే చిన్నపిల్లలు కూడా దారి చూపించేవాళ్లు. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు బొటనవేలితో నొక్కి చూడడం ఆయన అలవాటు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా నాన్న వేసిన కుర్చీని కూడా నొక్కి చూశాడు. నేను తలుపు వెనక నిలబడి నవ్వుకున్నాను. ఆ నవ్వే కొంప ముంచిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఒకరోజు జల్‌పల్లి నుంచి ఒక కాంట్రాక్టర్ మనిషి వచ్చి లైఫ్ జాకెట్ల పని తెచ్చాడు. ఎక్కడో ఒక జలాశయం మీద జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చే సర్కారు పడవలున్నాయట, వాటికి కావాలట. నమూనాకని ఒక జాకెట్ ఇచ్చాడు. మా ఆయన దాని కుట్లు విప్పి, లోపలి తెల్ల ఫోమును నొక్కి, మొహం చిట్లించాడు.

"గిదేంది భాయ్, అట్ట లెక్క గట్టిగుంది. ఛాతీకి గుచ్చుకుంటది. ఎవడేసుకుంటడు?"

"మరి నువ్వేం బెడ్తవ్?"

"మన సీట్ల స్పాంజి పెడ్త. ఏసుకున్నోనికి ఏసుకున్నట్టే తెల్వది."

ఆ మనిషి స్పాంజిని నొక్కి చూసి "మస్తుంది" అన్నాడు. అంతే, ఖాయమైపోయింది. సీట్లు కుట్టేవాడికి స్పాంజి మెత్తగా ఉందా లేదా అన్నదే తెలుసు, అది నీళ్లు తాగుతుందా అన్న ఆలోచన ఎందుకొస్తుంది? నేను మిషను మీద కూర్చుని అంచులకు పసుపు పైపింగ్ వేశాను. నాకూ రాలేదు ఆ ఆలోచన.

సరుకు తయారయ్యాక ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. జాకెట్ తొడుక్కుని, పొట్ట లోపలికి లాక్కుని, గోడకున్న అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. తన ఫోను మా ప్లగ్గులో చార్జింగులో ఉంటే నా ఫోనుతో ఫోటో తీయించుకున్నాడు. తర్వాత ఇంగ్లీషులో ఉన్న కాగితం తీసి ఇక్కడ సంతకం పెట్టమన్నాడు. సర్కారు కాగితం మీద తన సంతకం అడిగినవాడు మా ఆయనకు అదే మొదటిసారి. చొక్కా గల్లా సర్దుకుని మరీ పెట్టాడు. తనిఖీ అయిపోయింది. ఆ జాకెట్ల మీద ఒక్క చుక్క నీళ్లు పడలేదు.

ఎండాకాలంలో మా గల్లీల నుంచీ జల్‌పల్లి కాలనీల నుంచీ కొన్ని కుటుంబాలు వ్యాను మాట్లాడుకుని ఆ జలాశయం అవతలి గుట్ట మీద దేవుడికి మొక్కు చెల్లించడానికి పోయాయి. పడవ నడిమధ్యలో ఒరిగిపోయింది. బతికి బయటపడ్డ ఒకాయన తడిబట్టలతోనే టీవీలో చెప్పాడు: "జాకెట్లు ఇడిసి పారేసినోళ్లు బతికిండ్రు. ఏసుకున్నోళ్లే ముందుగాల మునిగిండ్రు."

మా ఆయన టీవీ ఆపేశాడు. నేను మళ్లీ పెట్టాను. ఆ మనిషి వెనకాల ఒడ్డున జాకెట్లు కుప్పపోసి ఉన్నాయి. పసుపు పైపింగ్ స్పష్టంగా కనిపించింది.

షాపులో మిగిలిన జాకెట్ ఒకటి తెచ్చి నీళ్ల డ్రమ్ములో వేశాను. మొదట తేలింది. నా ప్రాణం లేచొచ్చింది. చూస్తుండగానే ఒక పక్కకు వాలి, బరువెక్కి, అడుక్కి పోయింది. బయటికి లాగడానికి రెండు చేతులూ వేయాల్సొచ్చింది. మా ఆయన గోడకు ఆనుకుని చూస్తున్నాడు. పాపం, షాక్‌లో ఉన్నాడనుకున్నాను.

మా ఎమ్మెల్యే ప్రతిపక్షం మనిషి. చనిపోయినవాళ్లలో చాలామంది ఆయన నియోజకవర్గం వాళ్లు. పొద్దున లేస్తే ఆయన గొంతే టీవీలో. "గీ జాకెట్లను పరీక్షించిందెవరు? బాధ్యుడెవరు? పేరు చెప్పేదాంక సర్కారును ఇడిసిపెట్ట." ఆ ప్రశ్నకు జవాబు నా ఫోనులో ఉంది, పొట్ట లోపలికి లాక్కుని మరీ నవ్వుతోంది. మా ఆయన మాత్రం వద్దన్నాడు.

"గమ్మునుండవే. మనకెందుకు లొల్లి?"

"గమ్మునుంటె పోలీసులు సీదా మనింటికే వస్తరు. మనమే ముందుగాల పోయి చెప్తె మంచిది."

ఆయన తలాడించాడు. నేను చెప్పినదానికి తలాడించడమే ఆయనకు అలవాటు కదా అనుకుని బయల్దేరాను.

ఎమ్మెల్యే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఫోటోను పెద్దది చేసి, అధికారి మొహం, పొట్ట, వెనకాల మా షాపు, అన్నీ తీరిగ్గా చూశాడు. "అమ్మా, గిది బాంబు. నువ్వు ఫికర్ చెయ్యకు. నీ పెనిమిటి నాకు తమ్మునసొంటోడు" అన్నాడు. ఫోటోను తన ఫోనుకు పంపించుకుని, ఒక జాకెట్ కూడా కావాలన్నాడు. సంతోషంగా ఇచ్చాను.

ఆ జాకెట్‌ను అసెంబ్లీలో పైకెత్తి చూపించాడు. "దీన్ని ఎవనితోని కుట్టించిండ్రో ఎరికేనా అధ్యక్షా? పాతబస్తీల ఆటో సీట్లు కుట్టేటోనితోని!" సభ నవ్వింది. అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసి నవ్వారు. ఆటోవాళ్లందరూ మెచ్చుకున్న చెయ్యి అక్కడ నవ్వులపాలైంది. తర్వాత మంత్రి లేచి, సరుకును తానే పరీక్షించి చూశానని తయారీదారు సంతకం చేసిన పత్రం తమ దగ్గర ఉందని చెప్పాడు. బాధ్యుణ్ని వదిలేది లేదన్నాడు. అప్పుడర్థమైంది, ఆ ఇంగ్లీషు కాగితంలో ఏం రాసి ఉందో.

సాయంత్రానికి పోలీసులు వచ్చారు. వాళ్లు మా ఆయన్ని జీపెక్కిస్తుంటే గల్లీ చివర పటాకులు పేలాయి. తన ప్రశ్నకు సర్కారు దిగొచ్చి మొదటి అరెస్టు చేసిందని ఎమ్మెల్యే మనుషులు మిఠాయి పంచుతున్నారు. ఏమీ తెలియని ఒకడు నా చేతిలో కూడా ఒక లడ్డూ పెట్టిపోయాడు.

ఫోటో మాత్రం ఎక్కడా బయటికి రాలేదు. ఎమ్మెల్యే ఆఫీసుకు పోయి, రెండు పూటలు బయట కూర్చుని, చివరికి ఆయన కారుకు అడ్డం నిలబడ్డాను.

"ఫోటో ఏమైంది సార్? ఆ ఆఫీసర్‌ని ఎందుకు పట్టుకుంటలేరు?"

"దానికి టైముందమ్మా. ఉన్నదంత ఒక్కసారే వాడుకుంటె ఎట్ల?"

ఆ అధికారిని ఇంకో ఊరికి బదిలీ చేశారని తర్వాత తెలిసింది. అదే శిక్షట. ఇంట్లోకొచ్చి ఆ ఎమ్మెల్యేను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆ ఫోటో కోర్టులో పెడితే మా ఆయనకు బెయిల్ దొరకవచ్చని వకీలు చెప్పాడు. అది నా ఫోనులోనే ఉంది, ఎమ్మెల్యే దయ ఎవడికి కావాలి? ఆ సంగతి చెబుదామని జైలుకు ములాఖత్‌కు పోయాను. మా ఆయన సగమై ఉన్నాడు. నేను చెప్పిందంతా ఇనప జాలీ అవతల నుంచి విన్నాడు.

"ఫోటో గీటో ఇడిసిపెట్టు. నేను ముంచి చూసిన" అన్నాడు.

"ఏం ముంచినవ్?"

"జాకెట్. ఆఫీసర్ పోయినంక, నువ్వు కూరగాయలకు పోయినప్పుడు. ఊకె చూద్దామని మన డ్రమ్ముల్నే ఏసిన. మునిగింది. కాంట్రాక్టర్ మనిషికి చెప్పిన. పడవలేడ మునుగుతయ్ భాయ్, తనిఖీల చూపెట్టనీకె గదా అన్నడు."

"మరి నువ్వెట్ల ఊకున్నవ్?"

"విప్పబుద్ధి కాలే. మస్తు మంచిగొచ్చినయ్ గదా."

జాలీ లేకపోతే చెంప పగలగొట్టేదాన్ని. ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఆయన మీద, ఆయన కోసం అందరి కాళ్లూ పట్టుకున్న నా మీద. అయినా బయటికొచ్చి నేరుగా వకీలు దగ్గరికే పోయి ఫోటో ఇచ్చాను. మా ఆయన జైల్లో చెప్పిన మాట మాత్రం బయటపెట్టలేదు.

అసెంబ్లీ మళ్లీ మొదలయ్యే ముందు ఎమ్మెల్యేకు నేను గుర్తొచ్చాను. మా గల్లీ మూల షామియానా వేయించి ధర్నా పెట్టాడు. అధికారి ఫోటో ఇప్పుడు మనిషంత ఫ్లెక్సీ అయింది. అమాయకుణ్ని బలిచేసి అసలు దొంగను దాచారని మైకులో అరుస్తున్నాడు. ఆ అమాయకుడి భార్యనని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. మా ఆయన బయటికి రావాలంటే నేనక్కడ కూర్చోవాలి. కూర్చున్నాను.

నా పక్కన గాజుల దుకాణం నడుపుకునే ఆమెను కూర్చోబెట్టారు. మా గల్లీకి రెండు గల్లీల అవతలే ఇల్లు. ఆమె బిడ్డ ఆ పడవలో పోయింది. నన్ను చూడకుండానే మొదలుపెట్టింది.

"ఒక్కటే జాకెట్ మిగిలిందమ్మా. పిల్లకేసిన. వద్దు ఉడ్కపోస్తది అన్నది. తిట్టి ఏసిన. నాడాలు నేనే ముడేసిన. ఊడొద్దని గట్టిగ ఏసిన. నాకు దొర్కలే, నేను బతికిన."

ఆమె నావైపు తిరిగింది.

"నీ పెనిమిటి ఒక్కసారన్న నీళ్లల్ల ఏసి చూసిండా? నిజం చెప్పు. నేనేం అనను."

మైకులో ఎమ్మెల్యే జవాబు కావాలి, జవాబు కావాలి అంటున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

"లేదక్కా. ఆయనకు తెల్వదు" అన్నాను.

"గట్లనే అనుకున్న. తెలిస్తె ఎవడు చేస్తడు గట్ల?" అని నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో నిమిరింది. "ఏడ్వకు చెల్లె. వస్తడు ఇంటికి" అంది.

నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. ఆమె తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి, తాగమని నాకిచ్చింది. తాగాను.