లింగస్వామి బాబాయ్ రఫ్ వాయిస్

మా లింగస్వామి బాబాయ్ కూర్చుని మాట్లాడలేడు. ముప్పయ్యేళ్ళు సిటీ బస్సులో కండక్టరు. రిటైరై మూడేళ్ళయినా అల్మాస్‌గూడలో ఆయన ఇల్లు ఇంకా కదులుతూనే ఉంటుంది. అన్నం పెట్టమనడానికి "రైట్ రైట్", చాలనడానికి "హోల్డాన్!" ఓ పెళ్ళిలో ఫోటోకి నిలబడ్డవాళ్ళని "జర లోపటికి జరుగుండ్రి, ఎనక ఖాళీ ఉంది" అని జరిపి జరిపి పెళ్ళికొడుకునే స్టేజీ దింపేశాడు.

ఓ ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో నా గదికొచ్చాడు. కోచింగ్ పాఠాల ఆడియో శుభ్రం చేయడం నా పని, సొంతంగా నేర్చుకున్నదే.

"బిడ్డా, నా గొంతు రికార్డుల పట్టాలె. మట్టన్న కోసం."

మట్టయ్య ఆయన బస్సుకు ఇరవయ్యేళ్ళు డ్రైవరు. పక్షవాతంతో కుడికాలు పడిపోయి తుర్కయంజాల్‌లో ఇంట్లో ఉన్నాడు. దవాఖానలో కసరత్తులు రాసిచ్చారు. ఆయనేమో అవి చేయకుండా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

"ఇప్పుడు కదపకుంటె కాలు గట్టిపడ్తదన్నరు. ఆ కసరత్తు నేనె చెప్త."

నా మైకు పాడైంది. "ల్యాప్‌టాప్ మైకులోనే రఫ్‌గా చెప్పండి బాబాయ్, నేను బాగుచేస్తాను. కూర్చోండి."

"కూసుంటె గొంతు గూడ కూసుంటది."

మొదలుపెట్టాడు. "దిల్‌సుఖ్‌నగర్! రైట్ రైట్! మట్టన్నా, పాదం నొక్కు! హోల్డాన్! ఇడువు! చైతన్యపురి, దిగుండ్రి దిగుండ్రి!" తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి ఒకటే తిరుగుడు. దగ్గరకొస్తే ఉరుము, దూరం పోతే గుసగుస. మలుపొస్తే మనిషే ఒరిగిపోతున్నాడు. తుర్కయంజాల్ స్టాపు వచ్చాకే ఆగాడు.

కింది వాటా శేషారత్నం గారు మెట్ల దగ్గర్నుంచి కేకేశారు. "రాఘవేంద్రా! ఎవర్నయ్యా దిగమంటున్నాడు? కిందున్నవాళ్ళం, ఇంకెక్కడికి దిగుతాం?"

రెండ్రోజులు కూర్చుని స్టాపులు, రైట్లు, హోల్డాన్లు అన్నీ కోసేశాను. గొంతంతా ఒకే ఎత్తుకు తెచ్చాను. "పాదం నొక్కు, ఇడువు" మాత్రం కడిగిన ముత్యంలా మిగిలింది. పంపించాను.

మర్నాడు మట్టయ్య కోడలు యాదలక్ష్మి ఫోన్ చేసింది. "అన్నా, మామ ఇనుడే లేదు. 'గీ సారెవరు' అంటుండు."

బాబాయ్ గదికొచ్చాక చెప్పాను. ఆయన మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. నాకు భయమేసింది.

"రైట్ రైట్ తీసేసినవా?"

"శబ్దం బాగుండాలని..."

"ఓరి బిడ్డా! ఇరవై ఏండ్లు ఆ కాలు ఎవరి మాట ఇన్నది? డాక్టరుదా, నాదా? నా గొంతు ఎనక సీట్ల నుంచి ఒస్తెనే ఆనికి అది బస్సు. అందుకే గద కిటికీ కాడికి పోయిన!"

కోయని రికార్డింగు పంపి వీడియో కాల్ చేశాం. మట్టయ్య కుర్చీలో మొహం ముడుచుకుని ఉన్నాడు. "రైట్ రైట్!" అని మోగింది. కుడిపాదం వేళ్ళు బియ్యపుగింజంత కిందికి వాలాయి. "హోల్డాన్!" పైకి లేచాయి. యాదలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మట్టయ్య చెయ్యి గేరు కోసం వెతుక్కుంటోంది.

కాసేపటికి ఆయన గుర్రుమన్నాడు. "లింగా, కొత్తపేట కాడ హోల్డాన్ లేటు. స్టాపు దాటినంక అంటవా?"

"నీ బ్రేకే లేటు!"

"సరె తియ్. తుర్కయంజాల్ దాంక తెచ్చి ఇడిసిపెట్టినవ్. మల్ల బండిని డిపోకు ఎవడు తోల్తడు? తిరుగు ట్రిప్పు పంపు."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, ముందు కిందికి పరుగెత్తాను.

"శేషారత్నం గారూ, ఈసారి దిగమనరండీ. ఎక్కమంటారు!"