మేయ్ పుట్టిన గడియ

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మస్కట్‌లోని ఖురంలో ఒక చైనా వాళ్ల ఇంట్లో వంటమనిషిని. మాది కడప దగ్గర పల్లె. ఆ ఇంటి పిల్ల మేయ్‌ని పుట్టిన రోజు నుంచీ నేనే పెంచాను. తల్లి కాన్పులోనే పోయింది. తండ్రి అప్పుడు దేశంలో లేడు. పిల్ల ఏ వేళకు పుట్టిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మేయ్‌కి ఇరవై మూడేళ్లప్పుడు నాయనమ్మ చైనా నుంచి ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి రెండుసార్లు వచ్చాడు. ముసలామె వెనకాలే వస్తుండగా ఇద్దరూ సముద్రం ఒడ్డున నడిచేవారు. మేయ్‌కి అతను నచ్చాడు. ఆ మాట దాచను. కానీ ఒకరోజు భోజనాల దగ్గర ఆమె ఫోను మోగితే, అతను చేతిలోంచి లాక్కుని, ఎవరో చూసి, తన జేబులో వేసుకున్నాడు. మేయ్ నవ్వింది. నా మొగుడూ అట్లాగే మొదలుపెట్టాడు.

వాళ్లలోనూ జాతకాలు కలవాలి. పుట్టిన వేళలు ఎర్రకాగితం మీద రాసి, చనిపోయిన పెద్దల పటాల ముందు మూడు రోజులు ఉంచుతారు. మిట్టమధ్యాహ్నం పుట్టిన పిల్లయితే ఆ అబ్బాయికి పనికిరాదని ముసలామే నాతో ఒకసారి అంది. తర్వాత కాగితం ముందేసుకుని, వచ్చీరాని హిందీలో అడిగింది.

"పిల్ల ఎప్పుడు పుట్టింది?"

"మధ్యాహ్నం మేడమ్."

"బాగా గుర్తుందా?"

"మసీదులో బాంగు ఇస్తా ఉన్నారు మేడమ్."

బాంగు నిజమే. అది తెల్లవారుజాముది.

సంబంధం తప్పిపోయింది. మేయ్ నెలల తరబడి సరిగ్గా తినలేదు. ఏడాదికి మస్కట్‌లోనే ఉద్యోగం చేసే మరొకతన్ని చేసుకుంది. నెమ్మదైన మనిషి. పెళ్లినాడు మోకాళ్ల మీద కూర్చుని పెద్దలకు టీ అందించింది. నాయనమ్మకు ఇచ్చాక నాకూ ఇచ్చింది. తీసుకుని తాగాను.

కిందటేడు మేయ్‌కి గర్భం పోయింది. పక్కన కూర్చుంటే, నా దగ్గర నేర్చుకున్న తెలుగులో అంది: "నా గడియే మంచిది కాదు పిన్నమ్మా. అప్పుడే తేలింది గదా."

అప్పుడైనా నోరు విప్పానా? లేదు.

ఎందుకు చేశాను? ఆ అబ్బాయికి భయపడా, లేక మేయ్ చైనా వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనెవరినని భయపడా? రెండూ. అతను మంచివాడే అయ్యుండవచ్చు. అయినా పోయిన ముసలామె లేచొచ్చి మళ్లీ అడిగితే మధ్యాహ్నమనే చెబుతాను. కాగితం చూసి పిల్లనిచ్చేవాళ్లా నాకు నీతులు చెప్పేది? కానీ తాను పాడు గడియలో పుట్టానని ఆ పిల్ల కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. చెబితే పిన్నమ్మా అని మళ్లీ పిలుస్తుందో లేదో.

క్షమించమని ఎవరినీ అడగను. ఇంతవరకు రాసి, లేచి కంచంలో అన్నం పెట్టుకున్నాను. చాలా రోజులకు సయించింది.