నూగు పట్టిన ఏసీ

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. నుదుట చెమట పడితే మానేరు పొంగిందంటాను. ఇంట్లోవాళ్లు నా మాటలో ముప్పావు వంతు తీసేసి మిగిలింది వింటారు. మీరూ అలాగే వినండి.

సిరిసిల్లలో మా ఇంటి ముందు కారు నిలిపే జాగా లేక, దాన్ని ఆ ఊళ్లోనే అక్క వాళ్ల రేకుల షెడ్డు పక్కన ఉంచి, తాళంచెవి వాళ్లకే ఇచ్చాను. ఆ షెడ్డులో బావ సాంచలు, అంటే మర మగ్గాలు నడుపుతాడు. వాటి చప్పుడుకు యముడైనా రెండుసార్లు పిలవాల్సిందే. ఎండలతో పాటే బావకు ఆయాసం ముదిరింది. దుమ్ము తగిలితే దగ్గు ఆగదు. అద్దాలు మూసి, ఏసీ వేసి జగిత్యాల డాక్టరుకు చూపిద్దామని బయలుదేరదీశాను.

ఏసీలోంచి ముసలి పిల్లి నిట్టూర్పంత గాలి వచ్చింది. వేములవాడ దాటేసరికి కారులో మక్కలు పోస్తే పేలాలయ్యేవి. అద్దం దించితే బావకు దగ్గు, ఎక్కిస్తే ఉడుకు. దించుతూ ఎక్కిస్తూ జగిత్యాల చేరి, ఆసుపత్రి కంటే ముందు ఏసీ మెకానిక్ దగ్గర ఆగాం.

గ్యాస్ అయిపోయిందని నేనే తేల్చేశాను. మెకానిక్ గేజీ తగిలించి చూసి, కొంచెం తగ్గిన మాట నిజమేనన్నాడు. లీకు లేదని చూసుకుని, పాతది లాగేసి కొత్తది నింపాడు. పైపు మంచుగడ్డయింది గానీ లోపలికి గాలి రాలేదు. అప్పుడు డ్యాష్‌బోర్డు డబ్బా ఊడదీసి, దాని వెనక నుంచి ఫిల్టర్ లాగాడు. అది ఫిల్టర్ కాదు, కొత్త అల్లుడికి వేసే పరుపు. తెల్లటి నూగు అట్టకట్టి ఉంది.

"ఏందన్నా, కారు పత్తి చేన్ల పెట్టిన్రా?"

బావ దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక పొర చీల్చి వేళ్ల మధ్య నలిపాడు. ఊపిరాడనప్పుడల్లా సాంచ ఆపి, నా కారులో ఏసీ వేసుకుని కూర్చునేవాడట. అక్కకు కూడా చెప్పలేదు. షెడ్డులోని నూగు గాలిని బయటికి తోసే ఫ్యాను సరిగ్గా ఆ కారు ముందే ఉంది.

"మంచి గాలి అనుకున్న బామ్మర్దీ," అన్నాడు. తర్వాత మెకానిక్‌ను అడిగాడు. "గిది కడిగితె పోతదా తమ్మీ?"

"పోదన్నా. గిట్ల అట్ట కట్టినంక కొత్తది ఏసుడే."

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఇక సాంచల దగ్గరకు పోవద్దన్నాడు. మందులతో ఆయాసం తగ్గుతుంది గానీ, ఊపిరితిత్తుల్లో చెడింది మళ్లీ బాగవదన్నాడు. దీన్ని పెంచి చెప్పే అవసరం నాకు పడలేదు.

కొత్త ఫిల్టర్ పడ్డాక, తిరుగు దారిలో చలికి దంతాలు తాళం వేశాయి. బావ సీటు వెనక్కి వాల్చుకుని, "రేపటి సంది సాంచల కాడికి పోను," అన్నాడు.

నూగు నిజం. పరుపంత లేదు, పలుచటి బొంతంత ఉంది. బావ మెకానిక్‌ను అడిగిన మాట నిజం. సాంచల కాడికి పోనన్న ఆ చివరి మాట ఒక్కటే నేను కల్పించింది.  బావ షెడ్డు ముందు దిగి, కారును ఫ్యానుకు ఎడంగా పెట్టమని చెప్పి లోపలికి వెళ్లాడు. నేను కారు వెనక్కి తీస్తుండగానే సాంచలు మొదలయ్యాయి.