మొదటి గుక్క

పోయిన ఎండాకాలం పర్ణశాల నుంచి భద్రాచలం వస్తుంటే అడవి దారిలో మా స్కూటర్ ఆగిపోయింది. దాహంతో నా భార్య కళ్లు తిరిగి కూలబడింది. ఇప్పపూలు ఏరుకుంటున్న ఒక ముసలామె సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చింది. విలేకరిగా మత్తుమందు కలిపిచ్చి దోచుకునేవాళ్ల వార్తలు ఎన్నో రాసినవాణ్ణి. చెయ్యి అడ్డం పెట్టాను.

"మా దగ్గర నీళ్లున్నాయమ్మా."

ఆమె నా ముఖం చూసి, తనే ముందు ఒక గుక్క తాగింది. "నేను సావలే గద సారూ! జల్దీ తాపు."

నీళ్లు తాగాక నా భార్య తేరుకుంది. ఇంతలో సంచిలోంచి మా ఖాళీ సీసా దొర్లి పడింది. నా అబద్ధం బయటపడింది. ముసలామె దాన్ని నిండా నింపి ఇచ్చింది.

"దారిల ఎవ్వరినీ నమ్మకు. మీ సీసాల నీళ్లే తాగుండ్రి" అని నవ్వింది.

సిగ్గుపడుతూ అక్కడే మూత తీశాను. ఆ సీసాలో మొదటి గుక్క నేనే తాగాను.