మేదరపేట అప్పాయమ్మ సభలో అన్న మాట

అప్పాయమ్మ నోటికి మేదరపేట అంతా హడల్. అబద్ధమెందుకు, నాకూ భయమే. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, నేనల్లిన చేట చేతిలోకి తీసుకుని, "ఇందులో చెరిగితే బియ్యం పోయి నూకలు మిగుల్తాయే పిల్లా!" అని పదిమందిలో నా పరువు తీసేసింది. ఆ సాయంత్రమే పక్కన కూర్చోబెట్టుకుని వెదురు బద్ద చీల్చడం నేర్పింది. అలాంటి మనిషి. మొగుడు వెదురు తెప్పతో పాటు గోదాట్లో కొట్టుకుపోతే, ఒక్కగానొక్క కొడుకు సత్తిరాజుని బుట్టలమ్ముకుని పెంచింది. బేరంలో ఆవిణ్ణి నెగ్గిన ఇల్లాలు రాజమండ్రిలో లేదు.

మా పేట గోదారి గట్టునే ఉండేది. మన్యం నుంచి దింపుకొచ్చిన వెదురు ఆ నీళ్ళలోనే నానెయ్యాలి. నానని బద్ద వంచితే పుటుక్కుమంటుంది. రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజుల్లో మునిసిపాలిటీ వాళ్ళకేం బుద్ధి పుట్టిందో, ఊళ్ళో మరుగుదొడ్లెత్తిన మలం బండ్లన్నీ తెచ్చి మా రేవుకి ఎగువన గుమ్మరించడం మొదలెట్టారు. ఛీ! ఆ నీళ్ళే తాగాం. పేటలో పిల్లలకి వాంతులు, విరేచనాలు. నా చంటిది కూడా పోయింది. దాని సంగతి ఇంక చెప్పలేను.

పేట పెద్ద లోవరాజు మునిసిపాలిటీకి అర్జీ పెట్టించాడు. సభకొచ్చి చెప్పుకోమని కబురొచ్చింది. మాట్లాడ్డానికి అప్పాయమ్మే తగిందని అందరం అన్నాం. తీరా బయల్దేరేముందు లోవరాజు ఆవిడకి బోధ మొదలెట్టాడు.

"అప్పాయమ్మా, ఆ నోరు ఇంట్లో పెట్టి రా. పెద్దలు ఏమన్నా సరే, చిత్తం అను. కాదన్నావో, పేట మునిగిపోయిందే. సాయంత్రం వాళ్ళ దొడ్డిదారిన వెళ్ళి కాళ్ళమీద పడదాం."

ఇది మాకు కొత్త కాదు. కామందుల దగ్గర మా బతుకెప్పుడూ ఇలాగే నడిచింది. నలుగురిలో కామందు రేపటికల్లా గాదె అల్లిమ్మంటే చిత్తం అనేవాళ్ళం. దీపాలవేళ దొడ్లోకి వెళ్ళి, కుదరదు మహప్రభో అని మొత్తుకునేవాళ్ళం. ఆయన నవ్వి సరే పొమ్మనేవాడు. నలుగురిలో ఆయన మాట నిలిచేది, దొడ్లో మా మాట నిలిచేది. మునిసిపాలిటీ కూడా ఒక కామందే అనుకున్నాం, మా ఖర్మ.

సభవాళ్ళు వసారాలో కుర్చీల్లో కూర్చున్నారు. మేం కింద ఎండలో నిలబడ్డాం. అప్పాయమ్మ ఎంత చక్కగా చెప్పిందనుకున్నారు! బండ్ల సంగతి, నీళ్ళ సంగతి, పోయిన పిల్లల సంగతి, అన్నీ చెప్పింది. విన్నంతసేపూ ఒకాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే ఉన్నాడు. మేమేదో కంపు కొడుతున్నట్టు!

చైర్మన్‌గారు అంతా విని, "గట్టు మీద గుడిసెలుంటేనేగా ఈ గొడవ. ఊరికి దూరంగా దిబ్బమీద జాగా ఇస్తాం. గట్టు ఖాళీ చెయ్యడం మీకు సమ్మతమేనా?" అన్నారు.

ఆ దిబ్బమీద చుక్క నీళ్ళుండవు. అప్పాయమ్మ మెడనరాలు ఉబ్బాయి. "అదికాదు బాబుగారూ..." అనబోయింది. లోవరాజు వెనకనుంచి ఆవిడ కొంగు లాగి, "చిత్తం అనవే, అను!" అని గొణిగాడు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులారా విన్నాను.

"ఆయ్... చిత్తం బాబూ" అంది.

సాయంత్రం అలవాటు ప్రకారం చైర్మన్‌గారి దొడ్డిగుమ్మం దగ్గర పడిగాపులు పడ్డాం. ఆయన వచ్చి, "మీరు సరేనన్నారు, సభ తీర్మానించింది. ఇంక నా చేతుల్లో ఏముంది? ఇది నా సొంత పొలం వ్యవహారం అనుకున్నారా?" అన్నారు. పనివాడు తలుపేసేశాడు.

వారం తిరక్కుండా గుడిసెలు పీకేశారు. మా గట్టుమీద కూడా బండ్లు గుమ్మరించారు. దిబ్బమీద వెదురు ఎండి పెళపెళ విరిగిపోయేది. చేటలు లేవు, బుట్టలు లేవు, పొయ్యిలో పిల్లి లేవలేదు. కడుపులు కాలినకొద్దీ అందరి కళ్ళూ అప్పాయమ్మ మీద పడ్డాయి. అంత నోరున్నది, అక్కడ కాదనలేకపోయిందా అని ఆడా మగా సాధించడం మొదలెట్టారు. లోవరాజు కులపంచాయితీ పెట్టాడు.

"చిత్తం అనమన్నది నువ్వే కదయ్యా!" అంది అప్పాయమ్మ.

"నేనా? ఎవరు విన్నారు?" అన్నాడు వాడు, పెద్దమనిషి!

"నేను విన్నాను!" అని లేచాను. మా ఆయన నా చెంప పగలగొట్టి, జుట్టు పట్టుకుని కూలేశాడు.

వెలి అన్నారు. ఆవిడకి నిప్పివ్వకూడదు, నీళ్ళివ్వకూడదు. కొడుకు కూడా వెలిలోకి పోతాడా, పేటలో ఉంటాడా, ఇప్పుడే తేల్చుకోమన్నాడు లోవరాజు. సత్తిరాజుకి ఇద్దరు పసివాళ్ళు. వాడి పెళ్ళాం నిండు చూలాలు.

"నాకు అమ్మ లేదు" అన్నాడు.

అప్పాయమ్మ ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మొలలోంచి బద్దలు చీల్చే కత్తి తీసి కొడుకు ముందు పెట్టి, దిబ్బ దిగి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే సత్తిరాజు ఆ కత్తి పుచ్చుకుని, ఎండు వెదురు ముందేసుకుని పనికి కూర్చున్నాడు.