బుల్లెట్ చక్రం పక్కన అమ్మ వేసిన ముగ్గు

మా చిన్నప్పుడు... ఆదివారం బజారు నుంచి మా బుల్లెట్ మేముండే క్వార్టర్స్ మలుపు తిరిగేదా, బండి తిరిగిన కాసేపటికి గానీ ములక్కాడలు తిరిగేవి కావు. అంత పొడుగు మరి! ఢిల్లీలో ములక్కాడలు దొరకడమే పండగ. సంచిలో పట్టక, అమ్మ వాటిని శారీ గార్డుకి కట్టేసేది.

శారీ గార్డంటే ఈ కాలం పిల్లలకి చెప్పాలి... వెనక చక్రం పక్కన, చీర అందులో పడకుండా బిగించే ఇనప జాలీ. కింద పాదాలు ఆనించుకోడానికి చిన్న మెట్టు. నేను ముందు ట్యాంకు మీద, నాన్న మధ్యలో, అమ్మ వెనక ఓ పక్కకి తిరిగి.

నాన్న ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు దానికి గార్డు లేదు. మొదటివారమే అమ్మ కుచ్చిళ్ళు చక్రంలో చిక్కుకున్నాయి. నాన్న బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది... చీర సగం చక్రానికి, సగం అమ్మకి. నడిరోడ్డు మీద నాన్న స్వెటర్ విప్పి అమ్మ నడుముకి చుట్టాడు.

ఆ సాయంత్రం క్వార్టర్స్‌లో అందరూ అమ్మకి బుద్ధులు చెప్పేవాళ్ళే. చీర సరిగ్గా దోపుకోవాలమ్మా, బండి మీద జాగ్రత్తగా కూర్చోవాలమ్మా... చక్రానికి మాత్రం ఒక్కరూ బుద్ధి చెప్పలేదు! ఇప్పటికీ అంతే. ఏ ప్రమాదం జరిగినా ముందు ఆడదాని బట్టలే ముద్దాయి.

అమ్మ వాళ్ళతో వాదించలేదు. గార్డు పెట్టించేదాకా బండి ఎక్కనని నాన్నతో చెప్పి ఊరుకుంది. నాన్న ఆమెని బజారులో వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళాడు, నడిపించుకునే. ఏ డిజైన్ కావాలని వెల్డర్ అడిగితే, అమ్మ సుద్దముక్క పుచ్చుకుని కూర్చుని ఆ షాపు గచ్చు మీదే మెలికల ముగ్గు వేసేసింది. ముందు చుక్కలు, తర్వాత వాటి చుట్టూ తిరిగే గీత. ఇనప కడ్డీని ఈ గీతలాగా వంచు భయ్యా, చాలు, అంది.

వారం తర్వాత వెళితే... గీతని గీతలాగే వంచాడు. చుక్కలు కూడా వదల్లేదు! ఒక్కో చుక్క దగ్గర సన్నటి కడ్డీ ఆధారంగా ఒక్కో ఇనప నట్టు అతికించాడు. ఇవెందుకని నాన్న నోరు తెరిచాడు. మేడమ్ వేశారు కదా సాబ్, అన్నాడు వెల్డర్. అమ్మ పడీపడీ నవ్వింది.

"ఉండనీండి. చుక్కల్లేని ముగ్గేమిటి!"

అప్పట్నుంచీ ఆదివారం పొద్దున్న మెట్ల కింద పెద్ద జాతర. నాన్న కిరసనాయిలుతో ఇంజను తుడిచేవాడు. అమ్మ కుంకుడు నురగతో గార్డు తోమేది. నా వాటా ఆ నట్లు... గుడ్డపీలిక మెలిపెట్టి, ఒక్కోదాంట్లో దూర్చి, లాగడం. ఆ ఇనప వాసన ఇప్పటికీ నా వేళ్ళకుంది.

నాన్న పోయాక, ఆడపిల్లకి బండెందుకన్న చుట్టాల ముందే అమ్మ తాళం నా చేతిలో పెట్టింది. ఇప్పుడది నోయిడాలో నా దగ్గరే ఉంది. ఇక్కడ పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కకూడదు. యాభై దాటింది కాబట్టి వింటేజ్ కింద నమోదు చేయించాను. అందువల్ల మాది ఊరికే తిప్పే బండి కాదు... ప్రదర్శన ఉంటేనే దానికి రోడ్డు. ఏడాదికి ఎప్పుడో!

మొన్న చలికాలం ఢిల్లీ సాకేత్‌లో అలాంటి ప్రదర్శన. పంజాబీ డ్రెస్సులకి ఎప్పుడో మారిపోయిన అమ్మ, ఆ రోజు ఏరికోరి చీర కట్టుకుంది. నిర్వాహకుడు మన తెలుగువాడే, సాఫ్ట్‌వేర్ కుర్రాడు. బండి చుట్టూ తిరిగి, గార్డు దగ్గర ఆగాడు.

"మేడమ్, ఆ జాలీ తీసేస్తే వరసలో పెట్టేస్తాను. కంపెనీ నుంచి వచ్చింది కాదు కదా. లుక్ మొత్తం పోతోంది."

పానా కూడా తనే తెచ్చాడు. నా ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది.

"ఆ కళ్ళజోడు నీకు పుట్టుకతోనే వచ్చిందా బాబూ?"

"అది కాదు ఆంటీ, రూల్..."

"అది లేకపోతే నీకు కనపడదు. ఇది లేకపోతే నేను ఎక్కను. అంతే."

వరస మొత్తం చూశాను. ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన పాత దీపాలు, పాత హారన్లు, పాత సీటు తోళ్ళు... ఒక్క బండికీ శారీ గార్డు లేదు! వీళ్ళ వెనక సీట్లలో ఎప్పుడూ ఎవరూ కూర్చోలేదా? వీళ్ళ అమ్మలు నడిచొచ్చారా? తుప్పు పట్టిన మేకుని కూడా వారసత్వమంటారు... అమ్మ కూర్చున్న గుర్తుని మాత్రం ముందు పీకి పారేస్తారు. ఇదే అడిగాను, అందరికీ వినపడేలా. మా బండిని ప్రదర్శన చుట్టూ కట్టిన తాడు బయట పెట్టించారు. బహుమతి లేదు, నంబరు లేదు.

"స్టార్ట్ చెయ్యవే," అంది అమ్మ, పక్కకి తిరిగి ఎక్కి కూర్చుని.

అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్ మెల్లగా నొక్కాను. ఇంజనులో గాలి వదిలే చిన్న లివరు పట్టి ఇంకాస్త నొక్కి, వదిలి, తన్నాను... దగ్గింది. మళ్ళీ తన్నాను... డుగ్గు డుగ్గు డుగ్గు! నా గుండె కూడా అదే తాళంలో!

అప్పుడు చూశాను. ఏటవాలు ఎండలో గార్డు నీడ తారు మీద పడింది. మెలికల ముగ్గు, చుక్కలతో సహా, ఇంజను కొట్టుకుంటుంటే వణుకుతూ... ప్రదర్శన చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళంతా తాడు ఇవతలికొచ్చేశారు. ఒకావిడ వంగి, ఆ నట్లని ఒక్కొక్కటే వేలితో తడిమింది. వాళ్ళమ్మ ఎక్కే బండికీ ఇలాంటి గార్డు ఉండేదట... పాత సామానువాడికి ఇచ్చేశారట.

నీడని మాత్రం ఎవరూ తొక్కలేదు. అందరూ పక్కనుంచే నడిచారు... గుమ్మం ముందు ముగ్గుని దాటినట్టు.

ఇప్పుడు గుమ్మాలకి స్టిక్కర్ ముగ్గులు, బండ్లకి పీకేసిన జాలీలు... మీ ఇంటి పాత బండి వెనక సీటు మీద ఎవరు కూర్చునేవాళ్ళు? బండి పేరు వద్దు, వాళ్ళ పేరు రాయండి.