ఆ నాలుగు సెకన్లు

నేను రిపోర్టర్‌గా ఉన్నప్పుడు మా కెమెరామన్, శవాన్ని బయటికి తీస్తుంటే లెన్స్‌కు అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. లైవ్ దృశ్యం స్టూడియోకు చేరడానికి నాలుగు సెకన్లు పట్టేవి. చెయ్యి ఆలస్యమైతే "కట్ చేయుర్రి!" అని ఫోన్‌లో అరిచి ఆపించేవాడు. దృశ్యాన్ని క్షణంలో పంపే ఫైవ్‌జీ బ్యాగు వచ్చాక ఆ వ్యవధి పోయింది.

రఘునాథపల్లిలో బావి ఒడ్డు విరిగిపడి పనివాడు చనిపోయిన రోజు మా కెమెరామన్ చెయ్యి ఆలస్యమైంది. అరిచేలోపే ప్రసారమైపోయింది. కాసేపటికి చంటిబిడ్డను ఎత్తుకొని ఒకామె పరుగున అతని దగ్గరికే వచ్చింది.

"అన్నా, టీవీల చూపిచ్చిన నీలి అంగీ... మా ఆయనదేనా?"

"జర కూసో చెల్లె."

"కూసుంట గని, ముందు చెప్పు."

అతను ఆమె పడిపోతుందని భయపడి బిడ్డను అందుకున్నాడు. దాంతో ఆమెకు అర్థమైపోయింది.

ఇప్పుడు మా పాపను ఎవరైనా ముద్దుగా నా చేతుల్లోంచి అందుకున్నా గుండె జారిపోతుంది.